మూడో మడత

ఖిదిర్‌పూర్,
7 జనవరి 2024

చిరంజీవి రమకు,

ఇక్కడ క్షేమం. అక్కడి క్షేమం ఇకమీదట ఫారం మీద తేలాలట.

నిన్న నీ క్లినిక్కుకు వెళ్ళాను. పరీక్షలు చేసే ఆవిడ, అందరూ దిదిమణి అంటారు, నా చేతిలో ఒక ఫారం పెట్టింది. ఇరవై నాలుగు ప్రశ్నలు. జబ్బు ఎలా ఉందని ఒక్కటీ లేదు. గత పదిహేను రోజుల్లో మనిషి ఇల్లు ఎలా చూసుకుంది, పని ఎలా చేసింది, చదివింది గుర్తుంటోందా, డబ్బు జాగ్రత్తగా వాడిందా, స్నేహితులున్నారా, సరదాగా ఏం చేసింది, ఇవీ ప్రశ్నలు. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా అంకె. "బైపోలార్ ఉన్న మనిషి ఏడవడం లేదు, ఎగరడం లేదు అంటే సరిపోదు దాదా. రోజు ఎలా గడుస్తోందో చూడాలి" అంది.

ఇది బాగుంటేనే డాక్టరు ఫిట్ సర్టిఫికెట్ రాస్తాడు. అది ఉంటేనే రైల్వే వర్క్‌షాపువాళ్ళు నిన్ను టూల్ రూములోకి రానిస్తారు. ఉద్యోగం లేకపోతే క్వార్టరు లేదు. ఇవన్నీ నీకు తెలుసు. లెక్క పూర్తిగా ఉండాలని రాశాను.

మీ అమ్మాయి రోజారాణి నర్సింగు హాస్టల్లో ఉంటుంది కనుక, నీ తరఫు మనిషిగా నా పేరు రాసుకున్నారు. నేను నీ దగ్గర ఉండటం లేదు. కనుక రోజూ ఏం చేస్తున్నావో రాయి. ఫోను వద్దు. ఫోనులో నాకు మాట రాదు.

ఇట్లు,
నీ అన్న గురవయ్య


లిలువా,
11 జనవరి

పూజ్యులైన అన్నయ్యకు,

గంటన్నర బస్సు దూరంలో ఉన్న చెల్లెలికి ఇన్లాండు రాసి "రోజూ ఏం చేస్తున్నావు" అని అడిగే మనిషి ఈ బెంగాలులో నువ్వొక్కడివే ఉంటావు. నాకేం ఇబ్బంది లేదు. తెలుగులో రాసుకుంటే మన రహస్యాలు బీరువాలో పెట్టి తాళం వేసినంత భద్రం. నిన్న సాయంత్రం రోజా వచ్చి నీ ఉత్తరం అటూ ఇటూ తిప్పి, "ఏటమ్మా ఇది, జిలేబీలు సుట్టినట్టుంది" అని బల్ల మీద పడేసింది. ఆ పిల్లకు తెలుగు నోటికి వచ్చు, కంటికి రాదు.

సరే, రాసుకో. ఆరింటికి లేస్తున్నాను. వండుకుంటున్నాను, తింటున్నాను, గిన్నెలు తోముతున్నాను. లిథియం రెండు పూటలా వేసుకుంటున్నాను. దానివల్ల చేతులు కొంచెం వణుకుతాయి. టీ కాస్త సాసరులో పడుతుంది. సాసరులో పడ్డది కూడా తాగేస్తాను కనుక నష్టం లేదు. పేపరు చదువుతున్నాను గానీ నిలవడం లేదు. ఒకే వార్త మూడుసార్లు చదివి మూడుసార్లూ ఆశ్చర్యపోతున్నాను.

పక్క క్వార్టరు అమ్మన్నమ్మ నిన్న వచ్చి, "ఏటి రమా, మరీ సల్లబడిపోనావు. ముందు బాగుండీదానివి, నువ్వు పాటలు పాడతంటే మాకూ పొద్దుపోయీది" అని వాపోయింది. నేను బాగుపడటం ఈ క్వార్టర్ల లైనులో ఎవరికీ నచ్చినట్టు లేదు.

సెప్టెంబరు సంగతి ఆ ఫారంలో అడగరు కదా? విశ్వకర్మ పూజ ముందు టూల్ రూములో నూట నలభై సుత్తుల పిడులకు పసుపు రంగు వేశాను. మొదటి రోజు ఫోర్‌మన్ మిఠాయి తెప్పించి, రమా దిది లాంటి మనిషి ఇంకొకరుంటే వర్క్‌షాపు బాగుపడుతుందన్నాడు. రెండో రోజు స్పానర్లకు వేశాను. మూడో రోజు టోకెను తీసుకోకుండా అడిగినవాడికల్లా పనిముట్లు దానం చేశాను. నాలుగో రోజు ఆయన కుర్చీకి రంగు వేస్తుంటే అంబులెన్సు పిలిచాడు. ఆ ఫారమేదో మొదటి రోజే నింపి ఉంటే నాకు ఫస్టు క్లాసు వచ్చేది.

స్నేహితుల గురించి కూడా అడుగుతారన్నావు. నీకున్నారా అన్నయ్యా?

మూడో మడత అయిపోవచ్చింది. ఉంటాను.

రమ


ఖిదిర్‌పూర్,
16 జనవరి

చిరంజీవి రమకు,

ఫారం నింపి కౌంటరులో ఇచ్చాను. దిదిమణి సెలవులో ఉంది.

ఫారం బెంగాలీలో ఉంది. నాకు బస్తాల మీద రాతలు చదివేంత బెంగాలీ వచ్చు. కూడబలుక్కుని చదివాను. అంకెల మీద "సుబిధా" అని ఉంది. అంటే సౌకర్యం. సున్నా అంటే ఏమీ లేదు, మూడంటే చాలా. రేవు డాకులో నలభై ఏళ్ళు ఓడలోంచి దిగే బస్తాలకు టాలీ లెక్క రాసినవాడికి సున్నా అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. షీటు మీద సున్నా పడిందంటే సరుకు దిగలేదని. ఆ రోజు గొడవే.

నీకు ఒక్క సున్నా వెయ్యలేదు. ఇరవై రెండు ప్రశ్నలకు మూడేసి వేశాను. చదివింది నిలవడం లేదని నువ్వే రాశావు కనుక అక్కడ రెండు. అన్నీ మూళ్ళయితే ఎలాగూ నమ్మరు. మిగిలినది భార్యాభర్తల విషయం. అది చదవనట్టే ఒక గీత పెట్టి వదిలేశాను. మొత్తం అరవై ఎనిమిది.

ఇరవై అయిదున డాక్టరు దగ్గరికి ధైర్యంగా వెళ్ళు.

స్నేహితుల గురించి అడిగావు. రోజూ డాకు గేటు దాకా నడుస్తున్నాను.

ఇట్లు,
నీ అన్న గురవయ్య


లిలువా,
27 జనవరి

పూజ్యులైన అన్నయ్యకు,

అరవై ఎనిమిది మార్కులు తెచ్చుకున్న నీ చెల్లెలు రాస్తున్నది.

డాక్టరు ఫైలు తెరిచాడు. నన్ను చూశాడు. మళ్ళీ ఫైలు చూశాడు. "మీరు ఒక్కరే వచ్చారా?" అన్నాడు. అవునన్నాను. "రైలు ఎవరు ఎక్కించారు?" అన్నాడు. నేనే ఎక్కానన్నాను. "స్నానం ఎవరు చేయిస్తారు?" అన్నాడు. వేళాకోళమాడుతున్నాడేమో అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. నేను నవ్వానని రాసుకున్నాడు.

తర్వాత కాగితం నావైపు తిప్పి చూపించాడు. అన్నయ్యా, అది "సుబిధా" కాదు, "అసుబిధా". అంటే ఇబ్బంది. జెరాక్సు తీసేటప్పుడు కాగితం ఎడమ అంచు తెగిపోయింది. దాంతోపాటు ముందున్న "అ" కూడా పోయింది. సున్నా అంటే ఇబ్బంది లేదని. మూడంటే మనిషి ఎందుకూ పనికిరాదని. నువ్వు ఎంతో ప్రేమగా ఇరవై రెండుసార్లు అదే రాసిచ్చావు.

"మా అన్నయ్య పొరపాటు పడ్డాడండీ" అన్నాను. "అందరూ అదే అంటారమ్మా" అన్నాడు జాలిగా. మంచివాడే. ఎదురుగా కూర్చున్న మనిషి కంటే కాగితాన్ని నమ్మడం అలవాటైనవాడు. దిదిమణి వచ్చాక మళ్ళీ పరీక్ష చేయిస్తానని మార్చి పద్నాలుగుకు రమ్మన్నాడు. మార్చి నెలాఖరుకు నా సెలవు అయిపోతుంది. ఆ రెండు వారాల్లో కాగితం చేతికి రాకపోతే టూల్ రూముకు వేరే మనిషిని వేసుకుంటారు. క్వార్టరు సంగతి నువ్వే రాశావు, లెక్క పూర్తిగా ఉండాలని.

నువ్వు పెట్టిన ఆ గీతకు మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఆయన పోయి పన్నెండేళ్ళయిందని ఫైల్లో ఉంది.

పలక మీద నా చేయి పట్టుకుని మొదట "అ" దిద్దించింది నువ్వే. నీకే ఆ అక్షరం కనిపించలేదు.

రమ


ఖిదిర్‌పూర్,
1 ఫిబ్రవరి

చిరంజీవి రమకు,

పొరపాటు నాది. జెరాక్సుది కాదు. చిరిగిన బస్తా మీద పేరు సగమే కనబడితే మిగతా సగం ఊహించకూడదు, అడగాలి. ఈ మాట నలభై ఏళ్ళు ఇతరులకు చెప్పాను.

దిదిమణి వచ్చిందని తెలిసి వెళ్ళాను. ఫారం చూసి తల పట్టుకుంది. "దాదా, ఎటా కీ కొర్లేన్, ఇదేం చేశారు! ఇది నేను అడిగి నేను రాసేది. మీకు ముందుగా చదువుకోమని ఇచ్చాను. శూన్యో మానే భాలో!" అంది. శూన్యమంటే మంచిదట. నా వయసు అరవై నాలుగు. ఇప్పుడు తెలిసింది.

"అయితే అన్నీ సున్నాలు వస్తే చాలా?" అని అడిగాను. "అన్నీ సున్నాలు వచ్చిన మనిషిని నేనింతవరకు చూడలేదు. నాకే తొమ్మిది వస్తాయి" అంది. ఈసారి నిన్ను తనే అడుగుతుంది, నన్నూ అడుగుతుంది. డాక్టరుకు తను చెబుతానంది.

రోజూ ఏం చేస్తున్నావో రాయి. ఈసారి అ నుంచి చదువుతాను.

ఇట్లు,
నీ అన్న గురవయ్య


లిలువా,
4 మార్చి
(ఒకటో ఇన్లాండు. రెండోది కూడా ఇవాళే వేస్తున్నాను)

అన్నయ్యా,

ఇక చూసుకో! ఈసారి నీ దిదిమణి చేత వరసగా సున్నాలు పెట్టించకపోతే నా పేరు రమాకుమారి కాదు. ఇల్లు అడిగావు కదా, నిన్న వంటింటికి సున్నం వేశాను, నేనే, నిచ్చెన అమ్మన్నమ్మవాళ్ళది. అద్దంలా ఉంది. బియ్యం నానబోసి, దంచి, అరిసెలు చేసి పన్నెండు క్వార్టర్లకు పంచాను. అమ్మన్నమ్మ గుమ్మంలో నిలబడి, "ఏటే రమా, పొద్దున్నించీ దంచుతున్నావు, పెళ్ళేటి మీ ఇంట్లో? మళ్ళీ పాత రమవైపోనావు!" అని ఎంత సంబరపడిందో. స్నేహితులు అడుగుతారన్నావే, ఈ వారంలోనే ఇరవై మంది. లైనులో పిల్లలు పదకొండు మందికి సాయంత్రం వరండాలో తెలుగు చెబుతున్నాను. మూడు రోజుల్లో గుణింతాలకు వచ్చేశారు, రాని వాళ్ళకు రానట్టే ఉంది కానీ వస్తుంది. వీళ్ళయ్యాక రోజా. మన జిలేబీలు దాని చేతే చదివిస్తాను.

పేపరు నిలవడం లేదని రాశాను కదా, ఇప్పుడు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్క ఊపులో చదువుతున్నాను, అచ్చుతప్పులు ఏరి ఎడిటరుకు పంపాను. చేతులు వణకడం పూర్తిగా మానేశాయి, సాసరు పొడిగా ఉంది, చుక్క లేదు! దిదిమణి ముందు కలం పట్టుకుని గీత గీస్తే రూళ్ళకర్రతో గీసినట్టు వస్తుంది.

(రెండో ఇన్లాండు)

టూల్ రూముకు కూడా ఒక పథకం వేశాను. ఒక్క పసుపు కాదు, అదే అప్పుడు చేసిన తప్పు, అయిదు రంగులు, ఒక్కో సెక్షనుకు ఒకటి. రైల్వే బోర్డుకు రాద్దామనుకుంటున్నాను, నువ్వు ఇంగ్లీషు ముక్కలు సరిచూడు. అన్నయ్యా, మనిషి ఇంత సమయం పడకమీద ఎందుకు పారేస్తాడో నాకు అర్థం కావడం లేదు, నాలుగింటికే లేచి కూర్చుంటే ప్రపంచం ఎంత ఖాళీగా ఉంటుందో తెలుసా, అంతా మనదే. ఇన్లాండు ఇంత చిన్నది ఎందుకు చేశారు, దీని గురించి కూడా తపాలావాళ్ళకు రాయాలి. వెనకవైపు కూడా అయిపోయింది.

(ఇది జిగురు మీద) ఇక్కడ చోటుంది కనుక అడుగుతున్నాను. ఎన్ని సున్నాలయ్యాయి?


ఖిదిర్‌పూర్,
8 మార్చి

చిరంజీవి రమకు,

రెండు ఇన్లాండ్లూ అందాయి. రెండోదాని జిగురు మీద కూడా రాశావు.

ఎన్ని గంటలు పడుకుంటున్నావు?

సాసరు ఎందుకు పొడిగా ఉంది?

గురువారం నీతో నేనూ లోపలికి వస్తాను.

గురవయ్య


లిలువా,
16 మార్చి

గురవయ్య గారికి,

తమరు చేసిన ఉపకారం అందింది.

రమాకుమారి


లిలువా,
27 ఏప్రిల్

అన్నయ్యకు,

నలభై రోజులు రాయలేదు. నువ్వు మూడు ఇన్లాండ్లు రాశావు. మూడింటిలోనూ "క్షేమమా" అని తప్ప ఏమీ లేదు. నువ్వు నా ఉత్తరాలు కొలిచినట్టు నేను నీవి కొలిస్తే నిన్ను ఎప్పుడో ఆసుపత్రిలో పెట్టాలి.

ఆ గురువారం సంగతి నా వైపు నుంచి ఒకసారి రాసుకుంటాను. తర్వాత ఎత్తను.

కొత్త చీర కట్టుకుని వచ్చాను. దిదిమణి అడుగుతోంది, నేను చెబుతున్నాను, సున్నాలు పడుతున్నాయి. ఇల్లు సున్నా. పని సున్నా. గుర్తు సున్నా. ఆమె ముఖంలో సంతోషం చూస్తున్నాను. పది నిమిషాల్లో ఫారం అయిపోయింది. అప్పుడు నీవైపు తిరిగి, "దాదా, మీరేమంటారు?" అంది. నువ్వు మోకాళ్ళ మధ్య పెట్టుకున్న గోనెసంచిలోంచి నీ రోజు పుస్తకాలు తీసి బల్ల మీద పేర్చావు. పంతొమ్మిది. ఏడాదికొకటి.

వాటిలో నువ్వు ఎండా వానా, బస్తాలూ ఓడలూ రాసుకుంటావనుకునేదాన్ని. ఒక వరుసలో నేనున్నానని తెలియదు. ఫలానా తేదీ, రమ ఇన్లాండు, మూడో మడత. ఫలానా తేదీ, రెండో మడత. ఒకటో మడతలో సగం. ఆ పక్కన ఎర్ర సిరాతో ఆసుపత్రి. మళ్ళీ మూడు, మూడు, మూడు. వెనకవైపు. జిగురు. రెండు ఇన్లాండ్లు. ఎర్ర సిరా. దిదిమణికి తెలుగు రాదు. పక్కన మడతకొక టాలీ గీత గీశావు, గీతలు లెక్కపెట్టడానికి తెలుగు అక్కర్లేదు. పేజీలు తిప్పుతూ పోయి, చివరి వరుస దగ్గర వేలు ఆపింది. కలం మూసింది. "ఘుమ్ హొచ్ఛే, దిది?" అని అడిగింది. నిద్ర పడుతోందా అని. ఇరవై నాలుగు ప్రశ్నల ఫారంలో లేని ప్రశ్న అదొక్కటే.

మందు మానేశానని అక్కడే చెప్పాల్సి వచ్చింది. ఎందుకు మానేశానో కూడా చెప్పాను. పరీక్షలో చేతులు వణికితే మార్కు పోతుందని. ఆరోగ్యంగా ఉన్నట్టు కనబడటానికి మందు మానేసిన మొదటి మనిషిని నేనే అనుకున్నాను. "వారానికొకరు వస్తారు" అంది దిదిమణి.

బయట వరండాలో అందరి ముందూ నీ మీద అరిచాను. "నాను ఉత్తరాలు రాత్తన్నాననుకున్నాను! నువ్వేటి, బస్తాలు లెక్కెడతన్నావా?" అన్నాను. నువ్వు "ఊఁ" అన్నావు. పంతొమ్మిదేళ్ళకు ఒక "ఊఁ".

సరే. అయిపోయింది. ఈసారి ఆసుపత్రి అక్కర్లేకపోయింది. మందు మళ్ళీ మొదలు, నిద్రకు ఇంకొకటి. డాక్టరు ఇంకో నెల సెలవు రాశాడు, ఇదే ఆఖరని ఆఫీసులో చెప్పారు. మొన్న గురువారం మళ్ళీ పరీక్ష. పదమూడు వచ్చింది. "ఇది మనిషికి వచ్చే అంకెలా ఉంది" అంది దిదిమణి. డాక్టరు సంతకం పెట్టాడు. మే రెండున చేరుతున్నాను.

వస్తూ వస్తూ ఒక ఖాళీ ఫారం అడిగి తెచ్చుకున్నాను. అ ఉన్నదే. నీకు నింపాను. ఇల్లు, డబ్బు, జ్ఞాపకం అన్నీ సున్నాలే, ఏమాటకామాటే చెప్పాలి. పని రిటైరయ్యావు కనుక అడగలేదు. స్నేహితులు, మూడు. నలుగురిలోకి వెళ్ళడం, మూడు. ఇంటివాళ్ళతో కలిసి ఉండటం, మూడు. వదిన పోయాక ఆ ఇంట్లో నువ్వూ గోడ గడియారమూ తప్ప ఎవరున్నారు? మనసులో మాట పైకి చెప్పడం, రెండు. ఆ రోజు సంచి తెచ్చావు కనుక ఒకటి తగ్గించాను. సరదా, మూడు. నాకు పెట్టిన చోటే నీకూ గీత పెట్టాను. మొత్తం పద్నాలుగు.

నాకంటే ఒకటి ఎక్కువ. నీకు ఫిట్ సర్టిఫికెట్ రాదు.

మూడో మడత దాటి వెనకవైపుకు వచ్చేశాను. ఎర్ర సిరా తియ్యకు. కోపం నలభై రోజులది కనుక చోటు పట్టింది. రాత్రి ఏడు గంటలు పడుకున్నాను.

రమ


ఖిదిర్‌పూర్,
5 మే

చిరంజీవి రమకు,

ఫారం అందింది. కూడిక సరిపోయింది. ఒకచోట మాత్రం ఒప్పుకోను. స్నేహితుల దగ్గర మూడు వేశావు. రెండు చెయ్యి. ఉత్తరాలు రాసుకునే మనిషి ఒకరున్నారు.

ఆ రోజు వరండాలో నువ్వడిగినదానికి "ఊఁ" కాక వేరే సమాధానం ఉంది. అప్పుడు నోటికి రాలేదు. నేను బడికి వెళ్ళింది మూడో తరగతి దాకా. మిగతా చదువు బస్తాల మీదా ఓడల మీదా ఉన్న అక్షరాలతో నేర్చుకున్నది. అందులో ఇలాంటి వాటికి మాటలు లేవు. కాగితం మీద ప్రయత్నిస్తాను.

రోజా పుట్టిన రెండో నెల. నీ ఇన్లాండు వచ్చింది. "అన్నయ్యా, బాగున్నాను." అంతే. మిగతా అంతా నీలం కాగితం. చెల్లెలు బాగుందనుకుని జేబులో పెట్టుకుని ఓడ దగ్గరికి వెళ్ళాను. మీ వదినకు కూడా చెప్పాను, రమ బాగుందట అని. అయిదో రోజు బావ మనిషిని పంపాడు. వచ్చి చూస్తే నువ్వు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నావు. పదకొండు రోజులుగా అలాగే ఉన్నావన్నారు. పాప ఏడుస్తున్నా ఇటు తిరగలేదు. నన్ను చూసి కూడా తిరగలేదు. జేబులో నీ ఉత్తరం అలాగే ఉంది.

ఇది రెండో మడత. ఇక్కడి దాకా నేనెప్పుడూ రాలేదు.

ఓడలోంచి అర బస్తా తక్కువ దిగినా షార్టు అని రాసేవాణ్ణి. చెల్లెలి ఉత్తరం మూడు మడతలు షార్టు వస్తే గుర్తుపట్టలేదు. రాసిన ఒక్క మాట చదివాను. రాయనిది చదవలేదు. నిన్ను ఆసుపత్రిలో చేర్చి ఇంటికి వచ్చి ఆ రోజే పుస్తకంలో కొత్త వరుస గీశాను. మొదటి పద్దు అదే. ఒకటో మడతలో ఒక ముక్క. పక్కన ఎర్ర సిరా తర్వాత పెట్టాను.

నీకు చెప్పలేదు. చెబితే నువ్వు మడతలు చూసుకుని రాస్తావు. అప్పుడు నాకు ఏమీ తెలియదు. ఇప్పుడు నీకు తెలిసిపోయింది కనుక ఆ వరుస పనికిరాదు. పంతొమ్మిదేళ్ళ పుస్తకాలు ఒక గురువారం నాడు ఖర్చయిపోయాయి. ఫరవాలేదు. అందుకే దాచినవి.

సరుకు లెక్కపెట్టానన్నావు. నిజమే. టాలీవాడిది సరుకు కాదు. అందులో ఒక్క గింజ వాడికి రాదు. అయినా చివరి బస్తా దిగేదాకా వాడు ఓడ దగ్గర్నుంచి కదలకూడదు. ఎండైనా, వానైనా. మనిషిని చూసుకోవడం వేరేగా ఎలా చేస్తారో నాకు ఎవరూ నేర్పలేదు. మీ వదిన కొంత నేర్పింది. సగంలో పోయింది.

మూడో మడత. నీకు మూళ్ళు ఎందుకు వేశానో కూడా చెబుతాను. "సుబిధా" అనే మాట నాకు సరిగ్గా అర్థం కాలేదు. అనుమానం వచ్చింది. కౌంటరులో అడిగి ఉండవచ్చు. కానీ ఫారం నింపుతున్నప్పుడు, ఈ మనిషి ఇల్లు చూసుకోగలదా అంటే మూడు, పని చేసుకోగలదా అంటే మూడు అని వేస్తూ పోతుంటే చెయ్యి ఆగలేదు. నీ గురించి నేను ఎవరికైనా మంచిగా చెప్పడం అదే మొదటిసారి. నీకు ఎప్పుడూ చెప్పలేదు. అందుకని అడగలేదు.

(వెనకవైపు) నిన్న డాకు గేటు దగ్గర గురవయ్య దాదా అని ఎవరో పిలిచారు. బస్తాలు దించే యంత్రం నడిపిన పాత విన్చిమాను వెంకటేశు. టీ తాగుదామన్నాడు. ఎప్పుడూ తల ఊపి వెళ్ళిపోయేవాణ్ణి. నిన్న కూర్చున్నాను. వాడే మాట్లాడాడు. నేను "ఊఁ" అన్నాను. అయినా టీ రెండుసార్లు తాగాం. నలుగురిలోకి వెళ్ళడం దగ్గర కూడా ఏమైనా తగ్గుతుందేమో చూడు. బలవంతం లేదు.

(జిగురు మీద) చేరిన మొదటి రోజు ఎలా ఉందో రాయి. మూడో మడత దాకా చాలు.


లిలువా,
9 మే

అన్నయ్యకు,

నీ ఉత్తరం అంటుకోకుండా తెరుచుకునే వచ్చింది. జిగురు మీద రాస్తే అంతే. దారిలో ఎంతమంది చూశారో. చూసినా జిలేబీలే కదా.

మొదటి రోజు బాగానే గడిచింది. సుత్తులు నూట ముప్పై తొమ్మిది ఉన్నాయి, పిడులు ఇంకా పసుపే. నూట నలభయ్యోది ఎవరికి దానం చేశానో ఎవరికీ గుర్తులేదు, నాకూ లేదు. "రమా దిది, రంగు డబ్బా ఎక్కడా?" అని అందరూ అడిగారు. నవ్వాను. ఎవరూ రాసుకోలేదు. నాలుగింటికి టీ వచ్చింది. చేతులు వణికాయి. సాసరులో పడింది. తాగాను.

ఇప్పుడు నీ సంగతి. పంతొమ్మిదేళ్ళుగా ఒకటో మడత దాటనివాడివి మూడు మడతలూ, వెనకవైపూ, జిగురూ రాశావు. కొత్త స్నేహితులు కూడా మొదలయ్యారు.

ఎన్ని గంటలు పడుకుంటున్నావు?

ఆదివారం నేనే వస్తాను. ఫారం తెస్తున్నాను.

రమ